ఆవిరి గొట్టాల్లో గార: నివారణ చెరకు తోటలో మొదలు కావాలి

చక్కెర కర్మాగారంలో చెరకు రసం రేయింబవళ్ళు ఎడతెగక ప్రవహిస్తుంది. గానుగల నుండి వచ్చిన రసం వేడెక్కి, సున్నంతోను గంధక ధూమంతోను శుద్ధి పొంది, ఆవిరి పాత్రలలో చిక్కబడి పాకమవుతుంది. ఈ ప్రక్రియ అంతా ఉష్ణ వినిమయ గొట్టాల గోడల గుండా సాగే ఉష్ణ ప్రసారంపై ఆధారపడి ఉంటుంది. ఆ గోడలపై పేరుకొనే గారను ఇంతవరకు ఇంజనీర్ల సమస్యగానే పరిగణిస్తూ వచ్చాము. అందులో చెప్పుకోదగిన భాగం చెరకు తోటలోనే పుడుతున్నదనీ, అందువల్ల దాని నివారణను వ్యవసాయ విస్తరణ కార్యక్రమాలలో చేర్చాలనీ ఈ వ్యాసం అభిప్రాయం.

నష్టం స్వరూపం

15 డిగ్రీల బ్రిక్స్ గల రసాన్ని 60 డిగ్రీల పాకంగా మార్చాలంటే ప్రతి 100 టన్నుల రసం నుండి 75 టన్నుల నీటిని ఆవిరి చేయాలి. ఒక పాత్రలో పుట్టిన ఆవిరితో తరువాతి పాత్రను వేడిచేసే బహుళ ఆవిరి పాత్రల పద్ధతిని 1840 దశకంలో లూసియానాలో నార్బర్ట్ రిల్యూ రూపొందించకపోతే ఇంత నీటిని పొదుపుగా ఆవిరి చేయడం సాధ్యమయ్యేది కాదు. అయితే ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉన్నది. మొత్తం ఉష్ణోగ్రతా భేదాన్ని నాలుగైదు పాత్రలు పంచుకోవాలి. ఒక్కొక్క పాత్రకు లభించేది కొద్ది డిగ్రీలే. గొట్టంపై పలుచని పొర ఏర్పడినా ఆ కొద్దిపాటి భేదం వృథా అవుతుంది.

ఉక్కు ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 50 వాట్లు. గార వాహకత సాధారణంగా ఒకటి రెండు వాట్లకు మించదు. సిలికా గారది ఇంకా తక్కువ. అంటే ఒక మిల్లీమీటరు గార కనీసం 25 మిల్లీమీటర్ల ఉక్కు గోడతో సమానంగా వేడిని అడ్డుకుంటుంది. ఫలితంగా ఆవిరి ఖర్చు పెరుగుతుంది, పిప్పి అదనంగా కాలుతుంది, గానుగాట మందగిస్తుంది. చివరకు ఆట నిలిపి కాస్టిక్ సోడా ద్రావణంతో గొట్టాలను ఉడికించి, బ్రష్షులతో గీకవలసి వస్తుంది. ఆ గంటలలో నరికిన చెరకు బండ్లపైనే ఎండుతుంది. తూకానికి ముందు ఎండిన బరువు రైతుకు నష్టం, తరిగిన చక్కెర కర్మాగారానికి నష్టం.

తోటకూ గారకూ సంబంధం

గారను విశ్లేషిస్తే దాని పుట్టుక తెలుస్తుంది. తొలి పాత్రలలో కాల్షియం ఫాస్ఫేటు, సేంద్రియ పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. రసం చిక్కబడే చివరి పాత్రలలో సిలికా, కాల్షియం సల్ఫేటు, ఆక్సలేటు పేరుకుంటాయి. వీటిలో ముఖ్యమైన వాటికి మూడు దారులు తోట నుండే ఉన్నాయి.

మొదటిది సిలికా. చెరకు నేల నుండి సిలికాను విరివిగా గ్రహించే పైరు. అది ఆకులలో అధికంగా నిలువ ఉంటుంది. ఎండుటాకు, మొవ్వు, వేళ్ళకంటిన మట్టి గానుగలోకి వెళితే సిలికా రసంలో చేరుతుంది. మొవ్వులోని పిండి పదార్థం, అకోనిటిక్ ఆమ్లం కూడా దానితో వస్తాయి. పడిపోయిన తోటలో మట్టి మరింత అంటుతుంది. జడచుట్లు వేయడం దిగుబడిని కాపాడే పని అని మాత్రమే బోధిస్తున్నాము. అది గొట్టాలను కాపాడే పని కూడా.

రెండవది ఆలస్యం. నరికిన చెరకు నిలువ ఉన్నకొద్దీ ల్యూకోనోస్టాక్ బాక్టీరియా ఆమ్లాలను, డెక్స్‌ట్రాన్‌ను తయారుచేస్తుంది. పులిసిన రసాన్ని తటస్థం చేయడానికి అదనపు సున్నం వాడవలసి ఉంటుంది. సేంద్రియ ఆమ్లాలతో కలిసిన కాల్షియం మడ్డిగా దిగక రసంలోనే కరిగి ఉండి, ఆవిరి పాత్రలలో గారగా మారుతుంది. డెక్స్‌ట్రాన్ రసాన్ని జిగటగా చేసి ఉష్ణ ప్రసారాన్ని ఇంకా తగ్గిస్తుంది. గార వల్ల ఆట ఆగుతుంది, ఆట ఆగితే చెరకు పులుస్తుంది, పులిసిన చెరకు మళ్ళీ గారను పెంచుతుంది. ఈ విషవలయాన్ని ఛేదించడానికి నరికిన 24 గంటలలోపు గానుగాడించడమే తొలి మార్గం.

మూడవది భాస్వరం. రసం చక్కగా తేరుకోవాలంటే లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల భాస్వరం, అనగా ఫాస్ఫరస్ పెంటాక్సైడుగా లెక్కించినది, అవసరం. అది తక్కువైతే మడ్డి సరిగా దిగక, మలినాలు ఆవిరి పాత్రలకు చేరతాయి. అప్పుడు కర్మాగారాలు ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొని కలుపుతాయి. రసంలోని భాస్వరం రకంపై, నేలపై, ఎరువుపై ఆధారపడుతుంది. ఇది పూర్తిగా మన శాస్త్రపరిధిలోని విషయం.

కర్మాగారం బాధ్యత

తప్పంతా తోటదేనని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నాసిరకం సున్నం, అదుపు తప్పిన పి.హెచ్., వేడిచేసే గొట్టాలలో సెకనుకు ఒకటిన్నర మీటర్లకన్న తగ్గిన రసం వేగం గారను పెంచుతాయి. వీటిని సరిదిద్దవలసినది కర్మాగారమే. అనేక చోట్ల శుభ్రపరిచే రోజును క్యాలెండరు నిర్ణయిస్తున్నది. ప్రతి పాత్ర ఉష్ణ ప్రసార గుణకాన్ని రోజూ లెక్కించి, అది తగ్గిన తీరును బట్టి నిర్ణయించడం మేలు. అదనపు పాత్ర ఒకటి ఉంటే ఆట ఆపకుండానే వంతులవారీగా శుభ్రం చేయవచ్చు.

ధర విధానంలోని లోపం

శుభ్రమైన చెరకు తెమ్మని రైతుకు చెప్పే ముందు, తెచ్చినందుకు అతనికి దక్కేదేమిటో ఆలోచించాలి. 2024-25 సీజనుకు కేంద్రం 10.25 శాతం రికవరీపై క్వింటాలుకు 340 రూపాయల ధర నిర్ణయించింది. ఈ రికవరీ కర్మాగారం మొత్తానికి సగటు. ఆకు దూసి, మొవ్వు కొట్టి, ఆనాడే తోలిన రైతుకూ, చెత్తతో మూడవనాడు తోలిన రైతుకూ ఒకే ధర. పైగా ఆకు దూయడానికి కూలి ఖర్చు అధికం. మనుషులు దొరకడం కష్టం. చెత్త కొలత ఆరంభిస్తే అది తూకంలో కోతకు సాకుగా మారుతుందన్న రైతుల భయం కూడా నిరాధారమైనది కాదు.

కనుక కోతకు బదులు ప్రోత్సాహకంతో ప్రారంభించాలి. రైతు ప్రతినిధి ఎదుట నమూనా తీసి, చెత్త తక్కువగా ఉన్న బండికి అదనపు ధర ఇవ్వాలి. గొట్టాలు గీకడానికి, ఆగిన ఆటకు, కాస్టిక్ సోడాకు అయ్యే వ్యయంలో మిగిలినదాని నుండే ఆ మొత్తాన్ని చెల్లించవచ్చు.

మనం చేయదగినవి

విస్తరణ శాస్త్రవేత్తలు కర్మాగారం ప్రయోగశాలతో ఒప్పందం చేసుకొని, రసంలోని భాస్వరం, సిలికా, ఆమ్లత వివరాలను గ్రామాలవారీగా తెప్పించుకొని, భూసార ఫలితాలతో సరిపోల్చాలి. చెరకు పరిశోధకులు రకాల ఎంపికలో దిగుబడి, చక్కెర శాతాలతోపాటు ఆకు తేలికగా రాలే గుణానికి, పడిపోని గుణానికి తగిన విలువ ఇవ్వాలి. నరికే ఉత్తర్వుల జారీని కర్మాగారంలో శుభ్రపరిచే తేదీలతో ముడిపెట్టాలి. ఆట ఆగబోయే రోజుకు ముందు నరకనివ్వడం రైతుకు అన్యాయం. వ్యవసాయ విద్యార్థులకు ఒక సీజనులో కొన్ని రోజులైనా ఆవిరి పాత్రల వద్ద శిక్షణ ఇవ్వాలి.

2015లో బోధన్‌లోని నిజాం షుగర్స్ వంటి కర్మాగారం మూతపడిన తరువాత, పనిచేస్తున్న కర్మాగారాలను నిలుపుకోవడం రైతుకు జీవనాధారమైన విషయం. కర్మాగారం మూతపడిన ప్రాంతపు చెరకు మరింత దూరం ప్రయాణించాలి. దూరం పెరిగితే ఆలస్యం, ఆలస్యంతో గార పెరుగుతాయి. గొట్టంలో గీకి తీసిన గారలో తోట యాజమాన్యపు లోపాలు నమోదై ఉంటాయి. దానిని పారవేసే ముందు విశ్లేషించి, ఫలితాన్ని పొలానికి చేర్చే బాధ్యతను మనం స్వీకరించాలి.