బురద నీటికి ఏ దీపం?

2022 మే 21 సాయంత్రం. దక్షిణ కోల్‌కతాలోని రవీంద్ర సరోవరంలో స్కూళ్ల పడవ పందేలకు సాధన జరుగుతుండగా కాలబైశాఖి విరుచుకుపడింది. పడవ తిరగబడి ఇద్దరు విద్యార్థులు మునిగిపోయారు. గాలింపు రాత్రి దాకా సాగింది. చివరికి డైవర్లు పైకి తేగలిగింది మృతదేహాలనే. అదేమీ సముద్రం కాదు. 1920లలో కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తవ్వించిన, 73 ఎకరాల నీటి విస్తీర్ణం ఉన్న చెరువు. చుట్టూ క్లబ్బులు, వీధి దీపాలు, నడకకు వచ్చేవాళ్ల సందడి. కానీ నీటిలో నాలుగడుగులు దిగితే ఆ వెలుగు ఏదీ వెంట రాదు.

అంతకు మూడేళ్ల ముందు, 2019 జూన్ 16న, మాండ్రేక్ పేరుతో ప్రదర్శనలిచ్చే ఇంద్రజాలికుడు చంచల్ లాహిరి గొలుసులతో కట్టించుకుని హౌరా వంతెన దగ్గర హుగ్లీలోకి దిగారు. విడిపించుకుని పైకి రావలసిన మనిషి రాలేదు. అందరూ చూస్తుండగా మునిగిన మనిషి ఆచూకీ దొరకడానికి మరుసటి రోజు దాకా పట్టింది.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఈత క్లబ్బులకు, స్వచ్ఛంద సహాయక బృందాలకు వచ్చే మొదటి ఆలోచన ఒకటే: ఇంకా పెద్ద లైటు కొనాలి. ఐదు వేల ల్యూమెన్లు, పది వేల ల్యూమెన్లు అని డబ్బా మీద అంకె ఎంత పెద్దదైతే అంత నమ్మకం. డబ్బు వృథా అవుతుందన్నది అలా ఉంచితే, బురద నీటిలో ఆ లైటు దిగినవాడి కళ్లకే గంత కడుతుంది.

కారణం లారీ డ్రైవర్లందరికీ తెలిసినదే. పొగమంచులో హైబీమ్ వేస్తే రోడ్డు కనిపించదు, ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. నీటిలో తేలే ఒండ్రు రేణువులు, నాచు, కుళ్లిన ఆకుల ముక్కలు కూడా అంతే. ప్రతి రేణువూ తన మీద పడ్డ వెలుతురులో కొంత వెనక్కి కొడుతుంది. ముఖానికి దగ్గరగా ఉన్న రేణువులు ఎక్కువ వెలుతురును అందుకుని ఎక్కువగా మెరుస్తాయి. వెతుకుతున్న వస్తువు ఆ మెరుపు వెనకాల ఉండిపోతుంది. లైటు శక్తి రెట్టింపు చేస్తే వస్తువుతో పాటు ఆ గోడ కూడా రెట్టింపు ప్రకాశిస్తుంది. ఒరిగేదేమీ లేదు.

కాబట్టి చూడవలసిన మొదటి లక్షణం ల్యూమెన్లు కాదు, వెలుగు ఎంత సన్నగా వస్తుందన్నది. అండమాన్ పగడపు దిబ్బల దగ్గర వీడియో తీయడానికి 100, 120 డిగ్రీల వెడల్పుతో పరుచుకునే లైట్లు బాగుంటాయి. చెరువులో వాటిని వెలిగిస్తే డైవరు పాలగిన్నెలో మునిగినట్టే. ఇక్కడికి 6 నుంచి 10 డిగ్రీల సన్నని ధార కావాలి, దాని చుట్టూ వెలుతురు చెదరకూడదు. సన్నని ధార తక్కువ రేణువుల మీద పడుతుంది, పక్క నుంచి చూస్తే దూరం కొంతైనా దక్కుతుంది. ప్రకాశాన్ని మూడు నాలుగు స్థాయుల్లో తగ్గించుకునే వీలు తప్పనిసరి. మడ్డి నీటిలో చాలాసార్లు తక్కువ స్థాయిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

లైటు పట్టుకునే చోటు లైటు ఎంపిక అంత ముఖ్యం. చేయి చాచి, నడుము కంటే దిగువగా, ఒక పక్కకు పట్టాలి. కంటిచూపు ఒక దారిలో, వెలుగు మరో దారిలో వెళ్లి వస్తువు దగ్గర కలవాలి. ఈ లెక్కన అందరూ ముచ్చటపడే హెల్మెట్ లైటు బురద నీటికి అన్నిటికంటే చెడ్డది. అది కంటి పక్కనుంచే వెలుగుతుంది. చేతులు ఖాళీగా ఉండాలంటే మణికట్టుకు, చేతి వెనక భాగానికి బిగించుకునే పట్టీ మేలు.

రంగు సంగతి దుకాణదారులు చెప్పినంత పెద్దదేమీ కాదు. స్వచ్ఛమైన సముద్రంలో మొదట మాయమయ్యేది ఎరుపు. ఆకులు అలములు కుళ్లి, పాచి పట్టిన మంచినీటి చెరువులో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ నీలం ముందుగా ఇంకిపోతుంది. అందుకే నీలి ఛాయ కొట్టే తెలుపు కన్నా కాస్త పసుపు కలిసిన తెలుపు నయం. ఒండ్రు రేణువులు మాత్రం అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. పసుపు లైటు వేస్తే బురద తొలగిపోతుందన్నది అమ్మకం మాటే.

డబ్బా మీది అంకెలనూ జాగ్రత్తగా చదవాలి. టార్చిల కొలతలకు 2009లో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం ‘వెలుగు దూరం’ అంటే కాంతి 0.25 లక్స్‌కు తగ్గే చోటు. అదీ గాలిలో. 300 మీటర్లు అని రాసిన లైటు సరోవరంలో మూడడుగులు చూపిస్తే అదృష్టమే. ఐపీఎక్స్8 అన్న ముద్ర కూడా డైవింగుకు హామీ కాదు. అది 1 మీటరు కంటే లోతన్న సంగతే చెబుతుంది, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు ఇష్టం. ఎన్ని మీటర్ల వరకు పనిచేస్తుందో అంకెల్లో స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి.

ఇంతకీ ఆ నీరు ఎంత మురికిది? తెలుసుకోవడానికి 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ వాడిన పద్ధతిని మించిన చౌకబేరం లేదు. తెల్లటి పళ్లేన్ని తాడుతో నీటిలోకి దించి, అది కనుమరుగయ్యే లోతు కొలవడమే. రెండు మీటర్ల దాకా కనిపిస్తే మంచి లైటుతో వెతకవచ్చు. అర మీటరు లోపే మాయమైతే, ఏ కంపెనీ లైటైనా వెతికే పనికి రాదు. కోల్‌కతా తూర్పున మురుగునీటితో చేపలు పెంచే భేరీల్లో, ఆటుపోట్లకు ఒండ్రు కలిగే హుగ్లీలో తరచు ఉండేది ఈ రెండో పరిస్థితే.

అలాంటి చోట వెతికేది చేతులు, దారి చూపేది తాడు. గట్టున ఒకరు తాడు పట్టుకుంటారు, నీటిలో ఉన్నవారు అడుగును తడుముతూ చాపంలా తిరుగుతారు. తెలుగువారికి ఇది కచ్చులూరు నేర్పిన పాఠం. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట బోటును ఎర్రటి వరద నీటి అడుగు నుంచి అక్టోబర్ 22న బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప తాళ్లు, విశాఖ డైవర్ల చేతులు చేసిన పని అది.

మరి అక్కడ లైటు దేనికి? దిగినవాడి ప్రాణానికి. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరును అద్దానికి ఆనించి చదవడానికి, కాలికి చుట్టుకున్న వల పోగు ఎటు లాగుతోందో చూసి కోయడానికి, పైకి తేలాక చీకట్లో పడవకు తన జాడ తెలపడానికి. వీటికి వంద ల్యూమెన్ల చిన్న లైటు చాలు. కానీ అది వెలిగి తీరాలి. గుహల్లో దిగేవారు మనిషికి మూడు లైట్ల నియమం ఊరికే పెట్టుకోలేదు. చెరువుకు కనీసం రెండు ఉండాలి, రెండోది వేరే జేబులో, వేరే బ్యాటరీతో. గ్లవ్సు తొడిగిన చేత్తో తడిమినా దొరికే స్విచ్చి, మణికట్టుకు తాడు, మూత దగ్గర ఒండ్రు ఇసుక చేరని రబ్బరు రింగు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క ఇసుక రేణువు ఆ రింగు కింద చేరినా నీరు లోపలికి వస్తుంది. పని అయ్యాక మంచినీటితో కడిగి, ఆరాక రింగుకు సిలికాన్ గ్రీజు పట్టించే అలవాటు లైటు ధర కన్నా ఎక్కువ కాపాడుతుంది.

చాందినీ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంటే పక్కన పెట్టేయండి. పేరున్న సెల్ ఇచ్చేది 3,500 అటూ ఇటూ. అంకె విషయంలో అబద్ధమాడిన సెల్ నీటి అడుగున ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

కొనేముందు చిన్న పరీక్ష ఉంది. గాజు తొట్టి నిండా నీళ్లు పోసి, రెండు చెంచాల పాలు కలిపి, అవతలి గోడకు ఒక నాణెం అంటించాలి. చీకటి గదిలో రెండు లైట్లనూ ఒకదాని తర్వాత ఒకటి, కంటికి దగ్గరగా ఒకసారి, చేయి చాచి పక్కనుంచి ఇంకోసారి వేసి చూడాలి. ఏ లైటుతో నాణెం కనిపించిందో అదే తీసుకోవడం, దాని డబ్బా మీద ఎన్ని ల్యూమెన్లని రాసి ఉన్నా సరే.