బస్సు అందరిదీ, దాని మీది మాట కొందరిదేనా?

ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు, నార్నూరు దారుల్లో తిరిగే ఆర్టీసీ బస్సు మన బడి దారి, దవాఖాన దారి, అంగడి దారి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయే దారీ అదే. అలాంటి బస్సు వెనక, బస్టాండు గోడల మీద కరీంనగర్, హైదరాబాద్ కాలేజీల ర్యాంకులు, బంగారం దుకాణాలు, సినిమా బొమ్మలు. ఇవి అక్కడ ఉండొద్దని మేము అంటున్నాం.

"ఆర్టీసీకి పైసలు రావద్దా?" అని అడుగుతారు. రావాలి. ఆర్టీసీ బతికితేనే మన గూడేలకు బస్సు వస్తుంది. అయితే ఆ లోటు పూడ్చాల్సింది సర్కారు. పేపర్లో ప్రకటన నచ్చకపోతే పేజీ తిప్పుతాం. బస్టాండులో గంటసేపు కూర్చున్న పిల్ల ఎటు తిప్పుకోవాలి తల?

ప్రకటన సరుకుతో పాటు ఒక నమ్మకాన్నీ అమ్ముతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. తెల్లతోలే అందమని ఏండ్ల తరబడి నేర్పిన పాఠం మాత్రం మన నల్లని పిల్లల మనసులో నుంచి పోలేదు. పొగాకు ప్రకటనలను 2003 చట్టం ఆపితే, అవే పేర్లు పాన్ మసాలా, యాలకుల ముసుగులో తిరిగొచ్చాయి.

మార్చడం సాధ్యమే. 2021లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ బస్సుల మీది అసభ్య పోస్టర్లు తీయిస్తామన్నారు. బ్రెజిల్‌లోని సావో పాలో మహానగరం 2007 నుంచి వీధుల్లో హోర్డింగులనే నిషేధించింది. అక్కడ వ్యాపారం ఆగిపోలేదు.

నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన బస్సు బోర్డు మీద ఎప్పుడు దొరుకుతుంది? డబ్బున్నవాళ్ళ మాటకు బస్సంత జాగా ఉంది. ఆ బస్సెక్కే గోండు, కొలాం తల్లి మాటకు జానెడు జాగా లేదు.

1996 పెసా చట్టం మన సంస్కృతిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకిచ్చింది. బస్టాండు గోడ కూడా ఉమ్మడిదే. ఏజెన్సీలో దాని మీద ఏముండాలో గ్రామసభ చెప్పాలి. టీకాల తేదీలు, పరీక్షల తేదీలు, జాతర బస్సుల వేళలు ఉండనీయండి. తెలుగుతో పాటు గోండిలో, కొలామీలో ఉండనీయండి.

టీచర్లకు మా మనవి: బడికి వచ్చే దారిలో కనిపించిన ప్రకటనలన్నీ పిల్లలతో రాయించండి. ఏ భాషలో ఉన్నాయి, ఎవరి ముఖాలున్నాయి, మనవాళ్ళెందరున్నారు? యువకులారా, ఆ కాగితం పట్టుకొని గ్రామసభకు రండి. తీర్మానం చేసి డిపో మేనేజర్ చేతికిద్దాం.