ముందు సన్న ఆరె, తర్వాతే మిషను

తోలుపని చేసేవాళ్లకు పనిముట్ల కోసం నాలుగు రూపాయలు అందే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో చెప్పులు కుట్టే పని కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఈ-వోచర్ రూపంలో సాయం ఉంది. దాంతో ఏం తీసుకుంటే మేలని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మనసు కుట్టుమిషను మీదే ఉంటుంది. నేను మాత్రం ఒకటే చెప్తాను. పర్సులు, బెల్టులు, గడియారం పట్టీలు చేత్తో కుట్టి అమ్ముకుందామనుకునేవాళ్లు ముందు మంచి సన్న ఆరె సంపాదించుకోవాలి. మిషను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆరె మాకు కొత్త కాదు. ఆరె, రంపె, గూటం చూస్తూనే మా ఇళ్లలో పిల్లలు పెరిగారు. మా బాపు ఆరె లావుగా, గుండ్రంగా ఉండేది. మొన దగ్గర చిన్న కొక్కెం. బర్రెతోలు అడుగును పైనుంచి పొడిచి, కింద దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి పైకి లాగేవాడు. చెప్పుల అడుగులకూ, ఎడ్ల మెడపట్టెడలకూ అంతకన్నా సరైన పనిముట్టు లేదు. దారం లావు, తోలు మందం, పడే బరువు ఎక్కువ. బొక్క పెద్దదైనా దారమే దాన్ని నింపేస్తుంది. కానీ ఒక మిల్లీమీటరు మందం మేకతోలు మీద అదే ఆరె పెడితే కొక్కెం పోగుల్ని చింపుకుంటూ వస్తుంది. బొక్క చుట్టూ తోలు ఉబ్బుతుంది, దారం ఆ బొక్కలో వదులుగా ఆడుతుంది. కొనేవాడు పర్సు చేతిలోకి తీసుకున్న మరుక్షణం కిందపెట్టేస్తాడు. లోపం చేతిది కాదు, చేతిలో ఉన్న ఆరెది.

సన్నపనికి కావలసింది జీనులు కుట్టేవాళ్ల ఆరె. దీనికి కొక్కెం ఉండదు. అలుగును అడ్డంగా కోసి చూస్తే పేకముక్క మీది డైమండ్ గుర్తులా ఉంటుంది. గుండ్రటి మొన పోగుల్ని పక్కకు నెట్టి దారి చేసుకుంటుంది, ఇది రెండు అంచులతో కోసుకుంటూ దిగి సన్నటి ఏటవాలు చీలిక చేస్తుంది. ఆ చీలికలోంచి ఒకే దారం రెండు కొసలకు కట్టిన రెండు సూదులు ఎదురెదురుగా దూరతాయి. దారం బిగించగానే చీలిక పెదవులు దాన్ని పట్టుకుంటాయి. కుట్లన్నీ ఒకే వాలులో వరసగా పడుకుంటాయి. మిషను కుట్టులో పైదారం, కిందదారం ఒకదాన్నొకటి మెలిపెట్టి పట్టుకుంటాయి కాబట్టి ఒకటి తెగితే పక్క కుట్లు కూడా వదులవుతూ పోతాయి. రెండు సూదుల కుట్టులో ఒక వైపు దారం అరిగి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. చేతికుట్టుకు ఎక్కువ ధర అడిగే హక్కు మనకు ఇక్కడే వస్తుంది.

ఎంత సన్నం అన్నది కంటికి వదిలేయకుండా లెక్క కట్టి చూసుకోవాలి. అంగుళానికి పది కుట్లు వేస్తే ఒక్కో కుట్టుకు దొరికే చోటు రెండున్నర మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల వెడల్పు అలుగుతో సగం వాలుగా పొడిచినా, చీలికకూ చీలికకూ మధ్య అర మిల్లీమీటరు తోలు కూడా మిగలదు. గట్టిగా లాగితే ఆ వరస వెంబడే చిరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల లోపు అలుగైతే ఒక మిల్లీమీటరుకు పైగా మిగులుతుంది. అందుకే నేను దారం ముందు ఎంచుకోమంటాను, తర్వాత సూది, ఆ రెండింటినీ బట్టి ఆరె. మైనం పూసిన అర మిల్లీమీటరు లినెన్ దారానికి చెప్పులు కుట్టే సూది తగిలిస్తే, దూరడానికే పెద్ద చీలిక కావాలి. మొన్న ఒక కుర్రవాడు "అన్నా, సూది దూరుతలేదు, ఆరె ఇంకొంచెం లోపలికి తోయన్నా?" అన్నాడు. "వద్దు తమ్మీ, సూది మార్చు" అన్నాను.

ఆరె ఇంకొంచెం తోస్తే ఏమవుతుందో తెలియాలంటే అలుగు ఆకారం చూడాలి. చవక ఆరెలు మొన నుంచి పిడి దాకా వెడల్పవుతూనే పోతాయి. ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన పొడిస్తే ఒక బొక్క పెద్దది, పక్కది చిన్నది. మొన దగ్గర కాస్త దూరమే సన్నబడి, ఆ తర్వాత సమంగా సాగే అలుగును ఎంచుకోండి. అప్పుడు చేయి కొంచెం అటూ ఇటూ అయినా చీలిక వెడల్పు మారదు. కొనేముందు వెలుతురుకు పట్టి మొన వైపు నుంచి సూటిగా చూడండి. నాలుగు పలకలూ సమానంగా ఉన్నాయా, మొన సరిగ్గా మధ్యలో ఉందా, అలుగు పిడికి సూటిగా దిగిందా? ఒక పలక లావైతే ఆరె తనంతట తానే పక్కకు ఒరుగుతుంది. తోలు ముందువైపు గీత సూటిగా ఉన్నా, వెనకవైపు కుట్లు వంకర పోతాయి. పర్సు తిరగేసి చూసేవాడికి అదే ముందు కనబడుతుంది.

పిడి గురించి ఎవరూ మాట్లాడరు, నాకైతే అది అలుగంత ముఖ్యం. పిడి వెనకభాగం అరచేతి గుంటలో కూర్చోవాలి. ఒక పక్క చదునుగా ఉంటే అలుగు ఎటు వాలి ఉందో చూడకుండానే బొటనవేలికి తెలిసిపోతుంది. గుండ్రటి పిడి అయితే ఆకురాయితో ఒక పక్క మీరే చదును చేసుకోండి. ఇక పిడి బయట అలుగు మూడు సెంటీమీటర్లు మించితే సన్నపనికి వంగుతుంది.

కొన్న ఆరె కొన్నట్టే పనికొస్తుందని అనుకోవద్దు. ఎక్కువ ఆరెలు మొద్దుగానే వస్తాయి. నాలుగు వందల నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, వెయ్యి, రెండు వేల నంబర్ల మీదుగా, చివరికి పాలిష్ ముద్ద రాసిన తోలుముక్క మీద రుద్దితే అలుగు అద్దంలా వస్తుంది. మొన, అంచులు మాత్రమే కాదు, పలకలు కూడా నునుపెక్కాలి. లేదంటే దిగేటప్పుడు తోలు పట్టేసి పిసపిసమంటుంది. కుట్టబోయే తోలు ముక్క మీదే పరీక్షించండి. మణికట్టు బలం లేకుండా, వేళ్ల ఒత్తిడికే దిగితే పదును సరిపోయినట్టు. నాలుగు బొక్కలకొకసారి మొనను తేనెమైనానికి గుచ్చితే మరీ సుఖం.

డబ్బు లేనివాళ్లకు కూడా దారి ఉంది. గోనెసంచులు కుట్టే దబ్బనం మంచి ఉక్కుతో చేసిందైతే, సాన పట్టి చక్కటి అలుగు చేసుకోవచ్చు. మెల్లగా, మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ పట్టాలి. వేడెక్కి నీలం రంగు తిరిగిందా, ఇక ఆ పదును నిలవదు. సైకిలు పుల్లతో చేసినది మెత్తన, సన్నగా అరగదీస్తే వంగిపోతుంది.

మిషను ఉంటే రోజుకు పదింతల సరుకు వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది. ఆ సరుకు ఆగ్రా, ఆంబూరు, కాన్పూరు ఫ్యాక్టరీల సరుకు పక్కన నిలబడాలి. వందల మిషన్లు నడిపేవాళ్లతో ఒక్క మిషను వాడు ధరలో పోటీపడలేడు. చేతికుట్టులో ఆ పోటీ లేదు. హైదరాబాదులో ఇవాళ 'చేతికుట్టు' అని ముద్ర వేసిన పర్సుకు మంచి ధర పలుకుతోంది. వాటిని చేస్తున్నవాళ్లలో చాలామంది ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్ల శ్రద్ధకు దండం పెడతాను. కానీ తరాలుగా ఆరె పట్టిన చేతులు, తోలు వేలికి తగలగానే దాని మందం చెప్పగలిగిన చేతులు, ఇంకా ఫుట్‌పాత్ మీద తెగిన పట్టీలకే పరిమితమై ఉండటం నాకు భరించరానిది. ఆ చేతులకు కుట్టడం నేర్పనక్కర్లేదు. సన్న అలుగు ఇచ్చి, దాన్ని ఎలా వాడాలో చూపిస్తే చాలు.

విశ్వకర్మ కింద ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు, రోజుకు 500 రూపాయల భృతి. అందులో ఒక పూర్తి రోజు ఆరెకు కేటాయించమని నా విన్నపం. పొద్దున్నే నాలుగైదు రకాల అలుగులు బల్ల మీద పరిచి, ఎవరి చేతికి ఏది నప్పుతుందో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. మధ్యాహ్నం దాకా సాన పట్టించాలి. సాయంత్రం మేకతోలు మీద అంగుళానికి పది చొప్పున ఒక జానెడు కుట్టించి, తిప్పి వెనకవైపు చూడాలి. ఎవరు ఎంచుకున్న ఆరెను వాళ్లకే ఇచ్చి ఇంటికి పంపాలి.