బాధ ముదిరిందని మాకు తెలిసేలా రాయండి: ఉద్యమ ప్రణాళిక

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు రోగి చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బుతో చేరినవాళ్ల కాగితాల్లో తరచు కనిపించే మాట 'ఎక్యూట్ ఎక్సాసర్బేషన్'. ఉన్న జబ్బు ఉన్నట్టుండి ముదిరిందని దాని అర్థం. మళ్ళీ ముదిరితే ఏ గుర్తులు కనిపిస్తాయో ఆ రోగికీ ఇంట్లోవాళ్లకీ తెలియాలి. కఫం రంగు మారుతుంది. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసం కమ్ముకుంటుంది. రోజూ వాడే ఇన్‌హేలరుతో ఊరట దొరకదు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. ఆగకూడదని చెప్పాల్సిన కాగితం చదవడానికి వీల్లేకుండా బీరువాలో ఉంటోంది. దాన్ని మార్చడానికే మేం కలిశాం.

డాక్టర్లు తమలో తాము ఏ భాషలో రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు. మా పట్టుదల ఒక్కటే. బాధ గురించీ, అది ఎక్కువ కావడం గురించీ చెప్పే మాట, బాధపడుతున్న మనిషి భాషలో కూడా ఉండాలి.

బాధ ఎక్కువ కావడాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలకి పుట్టినచోటే నిలకడ లేదు. 'ఆగ్రవేట్' లాటిన్‌లో బరువు పెంచడమనే మాట నుంచి వచ్చింది. 'ఎక్సాసర్బేట్'కి మూలం చేదు, కటువుదనం. 'ఎక్సాస్పరేట్'కి మూలం గరుకుదనం. మనిషిని విసిగించడమనీ, ఉన్న కీడును పెంచడమనీ రెండర్థాల మధ్య ఈ మూడూ శతాబ్దాలుగా అటూ ఇటూ తిరిగాయి. ఇవాళ విసిగించడానికే వాడే ఎక్సాస్పరేట్ ఒకప్పుడు రోగాన్ని ముదరబెట్టడమనే అర్థంలోనూ చెల్లింది. ఆగ్రవేట్‌ని చిరాకు పెట్టడమనే అర్థంలో 17వ శతాబ్దం నుంచే వాడుతున్నారు. ఇంగ్లీషు రచయిత డికెన్స్ 1859 నాటి నవలలో జెర్రీ క్రంచర్ పెళ్ళాన్ని తిట్టే తిట్టు ఆ మాటలోంచి పుట్టిందే. అయినా 1926లో ఫౌలర్ తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ఆ అర్థాన్ని చదువులేనివాళ్లకు వదిలిపెట్టాలన్నాడు. అక్కడి పండితులకే ఇన్నేళ్లు పట్టుచిక్కని తేడా మీద మన పోటీ పరీక్షల్లో సమానార్థకాల ప్రశ్నలు వేస్తున్నారు. తెలుగు మీడియం పిల్లలు అక్కడ తడబడితే వాళ్లకి తెలివి తక్కువని అనుకోనివ్వం.

తెలుగులో ఇంత సూక్ష్మం చెప్పలేమని మాతో వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒక్కసారి ఔట్‌పేషంట్ వరసలో నిలబడి వినాలి. కంట్లో నలుసు పడితే గరగర. మిరపకాయలు తుంచిన చేతికి మంట. దూలగొండి తగిలితే దురద. గాయం మీద మందు పడితే చురుక్కుమంటుంది, పంటి నరం జివ్వుమంటుంది, చీము పట్టిన వేలు సలుపుతుంది. వీటిలో కొన్ని కేసు షీటులో 'ఇరిటేషన్' అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. ఎక్కువ కావడానికీ అంతే. తగ్గిన జ్వరం మళ్ళీ వస్తే తిరగబెట్టింది. మందు పడకపోతే వికటించింది. గోకిన పుండు రేగింది. పట్టించుకోని జబ్బు ముదిరింది. ప్రాణం మీదికి వస్తే విషమించింది. వైద్యుడు విడివిడిగా చూడాల్సిన సంగతులే ఇవి. వీటిని విడదీసి చెప్పే శక్తి పలక పట్టని ముసలమ్మకీ ఉంది. ఆమె నోటి మాటను అలాగే రాసుకుంటే చికిత్సకే మేలు.

నిఘంటువులోంచి దించిన సంస్కృత సమాసాలూ మాకు వద్దు. 'ప్రకోపం', 'తీవ్రతరం' అని రాసి తెలుగు చేశామంటే ఒప్పుకోం.

ఆస్పత్రి దాటి పొలంలోకి వెళ్తే పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బాతో ఇచ్చే సమాచారం ప్రాంతీయ భాషలోనూ ఉండాలని 1971 నాటి నియమాలు చెబుతున్నాయి. ఉంటోంది కూడా, కానీ భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో. కళ్లు మండితే ఏం చేయాలో పిచికారీ చేసే మనిషి చేను గట్టు మీద నిలబడి చదవగలగాలి.

న్యాయస్థానంలో ఈ మాటల బరువు ఇంకా ఎక్కువ. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష వేసే ముందు నేరాన్ని పెంచే 'ఆగ్రవేటింగ్' పరిస్థితులనూ తగ్గించే పరిస్థితులనూ తూచి చూడాలంది. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టంలో పోలీసో, బంధువో, పిల్లల సంరక్షణలో ఉన్నవాళ్లో నేరం చేస్తే, లేదా బిడ్డకు పన్నెండేళ్లు నిండకపోతే, అది 'ఆగ్రవేటెడ్' నేరం అవుతుంది, శిక్ష పెరుగుతుంది. బిడ్డ తల్లికి ఈ సంగతి మొదటి రోజే తెలియాలి. ఆగ్రవేటింగ్ అంటే చిరాకు పెట్టేదని జనం అనుకోవడం మొదలై, నేరచట్టం మీద రాసేవాళ్ల మాట ఇప్పటికే తప్పుగా అర్థమవుతోందేమోనని ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ తన తర్కశాస్త్ర గ్రంథంలో కలత చెందాడు. మన దగ్గర ముద్దాయికి ఆ మాట అసలు చేరడమే లేదు. రాజ్యాంగం 348వ అధికరణం వల్ల హైకోర్టుల భాష ఇంగ్లీషు. ముద్దాయి కోరితే, వీలైతే, తీర్పును అతని భాషలోకి అనువదించి ఇవ్వాలని 2024 దాకా అమల్లో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363వ సెక్షనులో ఉండేది, దాని బదులు వచ్చిన చట్టంలోనూ ఉంది. 'వీలైతే' అన్నచోటే అన్నీ ఆగిపోతున్నాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో తెలుగులో తీర్పు ఇచ్చి వీలవుతుందని చూపింది. అదే రోజువారీ పద్ధతి కావాలి.

ఛాతీ వార్డులతో మొదలుపెడతాం. డిశ్చార్జి కాగితం వెనక పక్కన, జబ్బు ముదిరే గుర్తులూ వెంటనే రావాల్సిన సందర్భాలూ పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చువేయమని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ అడుగుతాం. నమూనా మేమే రాసి, డాక్టర్ల చేత సరిచూయించి, రోగుల చేత చదివించి పంపుతాం. చదివినవాళ్లు తడబడిన ప్రతి మాటనూ మారుస్తాం. ఉబ్బసం అనే చోట ఉబ్బసం, దమ్ము అనే చోట దమ్ము. శ్రీకాకుళం మాటా, అనంతపురం మాటా, ఆదిలాబాద్ మాటా పక్కపక్కనే రాస్తాం, ఏదీ మోటు కాదు. నర్సులు, ఆశా కార్యకర్తలు, కోర్టు గుమాస్తాలు, పురుగుమందుల దుకాణాలవాళ్లు ఈ మాటలు రోజూ వింటారు. మాకు మొదట కావాల్సింది వాళ్లే. మీ ఊళ్ళో నొప్పి ఎక్కువైతే ఏమంటారో రాసి పంపండి.