నూనె డబ్బాకు లెక్కుండాలి

బళ్లారిలో తెల్లవారితే చాలు, ఏ వీధి మలుపులో చూసినా బాణలిలో మిరపకాయ బజ్జీలు వేగుతుంటాయి. పక్కనే పెద్ద గిన్నె నిండా ఉగ్గాని. కన్నడంలో వగ్గరణి అన్నా, తెలుగులో ఉగ్గాని అన్నా ప్లేటులోకి వచ్చేది ఒక్కటే. ఆటో డ్రైవరూ తింటాడు, ఆఫీసరూ తింటాడు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లకు పోయేవాళ్లు పొట్లం కట్టించుకుని మరీ పోతారు.

వాళ్లలో ఎవరైనా నలభై, యాభై దాటాక డాక్టరు దగ్గరికి పోతే రక్తంలో కొవ్వు పెరిగిందని తేలుతుంది. చేతిలో ఒక డైట్ చార్టు పడుతుంది. అందులో ఓట్సు, ఆలివ్ నూనె, బ్రకోలీ లాంటి పేర్లుంటాయి. ఇంట్లో ముసలమ్మకు ఆ పేర్లే తెలియవు. కోడలికి తెలిసినా ధర చూసి వెనక్కి తగ్గుతుంది. వారం తిరిగేసరికి ఆ కాగితం గోడ క్యాలెండరు వెనక్కి చేరుతుంది. మళ్లీ మామూలే. 'మన తిండి మంచిది కాదు, మంచి తిండి మనకు అందదు' అన్న దిగులు మాత్రం మిగులుతుంది.

ఈ దిగులులో నిజం సగమే. మన తిండి చెడ్డది కాదు. అందులోకి చేరిన నూనెకు లెక్క లేకపోవడమే చెడ్డది.

పాత కంచం చెప్పేదేమిటి?

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి మైసూరులో కలిసింది. పటంలో గీత పడింది గానీ వంటిళ్లు మారలేదు. అటూ ఇటూ అదే జొన్నరొట్టె, అదే ఆకుకూర పప్పు, అదే గురెళ్ల పొడి, చివర్లో మజ్జిగ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 క్యాలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలని చెప్పింది. నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. అంటే ఐదారు టీస్పూన్లు.

ఈ జాబితాను పాత కంచం పక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. జొన్న ధాన్యం, కందిపప్పు, గోంగూరో పాలకూరో, గురెళ్లు, వేరుశనగ, మజ్జిగ.. పండు తప్ప దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములుంటే, తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. ఇక ఓట్సు కోసం వెతుక్కోవడం ఎందుకు?

మారింది ఇదీ

తుంగభద్ర కాలువలు వచ్చాక సిరుగుప్ప వైపు వరి పెరిగింది. పొద్దునా రాత్రీ అన్నమే అయింది. ఒకప్పుడు పండక్కో, చుట్టాలొస్తేనో బాణలి పెట్టేవాళ్లు. ఇప్పుడు పూరీ, వడ, బజ్జి వారం పొడవునా ఉన్నాయి. 'కూరలో నూనె తేలకపోతే చుట్టాలు ఏమనుకుంటారు?' అన్న మొహమాటం ఒకటి తోడైంది. పనీ మారింది. పొలంలో వంగి పనిచేసిన వాళ్ల పిల్లలు మిషను ముందో, కౌంటరులోనో పది గంటలు కూర్చుంటున్నారు. తిండి పెరిగింది, కదలిక తగ్గింది. ఒక గ్రాము కొవ్వులో 9 క్యాలరీలుంటాయి. అదే పిండిపదార్థంలోనైతే 4. చెంచా నూనె ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవడం అందుకే కుదరదు.

ఉగ్గానినే తీసుకుందాం. బొరుగుల్లో కొవ్వు లేనట్టే. పుట్నాల పొడిలో మాంసకృత్తులున్నాయి. పోపులో వేసే నూనె చెంచాతో కొలిస్తే చాలు. తంటా అంతా పక్కన వచ్చే నాలుగు బజ్జీలతోనే. నాలుగింటిని ఒకటి చేసి, గుప్పెడు మొలకెత్తిన పెసలో, ఒక జామకాయో తింటే ఉగ్గానిని ఎవరూ మానుకోనక్కర్లేదు.

నూనె పూర్తిగా మానేయాలని ఎవరూ చెప్పడం లేదు. కొవ్వు శరీరానికి కావాలి. కొన్ని విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కావాలి. మట్టి మోసే కూలీకి, ఎదిగే పిల్లవాడికి లెక్క వేరు. కూర్చుని పనిచేసే వాళ్లే చేయి బిగబట్టాలి.

40 రోజులు రావాలి

గ్రాముల లెక్క రోజూ వేయడం ఏ ఇంట్లోనూ జరగదు. డబ్బా లెక్క వేయొచ్చు. మనిషికి 27 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి రోజుకు 108 గ్రాములు, నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా తెస్తే కనీసం 40 రోజులు రావాలి. బయట తినే బజ్జీ, బేకరీ పఫ్‌లోని నూనె దీనికి అదనం కాబట్టి ఇంకో నాలుగు రోజులు ఎక్కువే రావాలి. 25 రోజులకే డబ్బా ఖాళీ అవుతోందంటే ఆ ఇంట్లో తప్పెక్కడుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

అయితే ఈ బరువంతా వంట చేసే ఆడవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. 'నూనె తగ్గించు' అని చెప్పే మగాడే రుచి తగ్గితే ముందు కంచం నెట్టేస్తాడు. జొన్నరొట్టె తట్టడం తేలిక పని కాదు. ఉద్యోగానికి పోయే ఆడమనిషి రోజూ పది రొట్టెలు చేయాలనడం సులువే, చేసి చూస్తే తెలుస్తుంది. రొట్టెలు కాల్చి అమ్మే వాళ్ల దగ్గర కొనడం, వారంలో మూడు రోజులతో మొదలుపెట్టడం, ఆకుకూర ఒలిచే పనైనా ఇంట్లో అందరూ పంచుకోవడం.. ఇవి జరిగితేనే పాత కంచం తిరిగొస్తుంది.

హోటళ్లకూ బాధ్యత ఉంది. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం మీద 2018 జులై 1 నుంచి దేశమంతా నిబంధన ఉంది. నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదు. నల్లబడిన బాణలి చూసి కూడా తినేవాళ్లు అడగరు, అధికారులు అడగరు. ఇద్దరూ అడగాలి. ఈ నిబంధన తెలుగు, కన్నడ రెండింటిలోనూ హోటలు గోడ మీద రాసి పెడితే అడిగేవాడికి ధైర్యం వస్తుంది.

కొత్త డబ్బా విప్పిన రోజు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుడితే చాలు. డైట్ చార్టు దాక్కున్నది దాని వెనకే కదా. డబ్బా అయిపోయిన రోజు ఇంకో సున్నా చుట్టి, మధ్యలో ఎన్ని రోజులున్నాయో ఇంట్లో అందరూ కూర్చుని లెక్కపెట్టుకోవాలి. తర్వాతి డబ్బాకు ఒక్క వారం పెరిగినా ఆ ఇల్లు దారిలో పడినట్టే.