పేరు పెట్టేముందు అడగాలి

ఈసారి మన గోడపత్రికలో నేను టీవీ గేముల పేర్ల కోసం రాస్తున్నాను. చదువు మానేసి ఆటల కోసం రాసిందేటి అనుకోకండి. చివరి దాకా చదవండి.

కిందటి నెలలో ఒక దాత మన హాస్టల్‌కి పాత టీవీ గేము ఒకటి ఇచ్చారు కదా. ఆదివారం దాని కాడ ఆడుతుంటే ఒక చెల్లి, "అక్కా, ఇలాటి వాటిల్లో అటారి అనేది ఉండేదట, అటారి అంటే ఏటి?" అని అడిగింది. "అత్తారిల్లేమోనే" అని ఎవరో అన్నారు. అందరం పడీపడీ నవ్వినాము. నాకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన. మర్నాడు సైన్సు మాస్టారిని అడిగాను. ఆయన రెండు రోజులు పుస్తకాలు చూసి చెప్పారు. నేను నోట్సులో రాసుకున్నాను.

ఇంట్లో టీవీకి తగిలించుకొని ఆడే మొదటి యంత్రం వెనక ఉన్నాయన రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు. ఆయన జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లర్ కాలంలో, 1938లో, వాళ్ళ కుటుంబం ప్రాణాలు దక్కించుకోటానికి అమెరికా వెళ్ళిపోయింది. 1960ల చివర్లో ఆయనా, ఆయన తోటివాళ్ళూ నమూనా పెట్టె ఒకటి చేశారు. దానికి చెక్కలాగ కనబడే గోధుమరంగు టేపు అంటించారు. అందుకని దాన్ని బ్రౌన్ బాక్స్ అన్నారు. మన ఊళ్ళో నల్లావు, బొల్లావు అన్నట్టే, చూడగానే నోటికి వచ్చిన పేరు.

మాగ్నవాక్స్ అనే కంపెనీ దాన్ని అమ్మకానికి తీసుకుంది. జనానికి చూపించి పరీక్ష చేసినప్పుడు స్కిల్-ఓ-విజన్ అని పేరు పెట్టింది. అదీ నచ్చలేదో ఏమో, 1972లో అమ్మేటప్పుడు ఒడిస్సీ అంది. ఇది ఒడిస్సీ నాట్యం కాదు. గ్రీకుల పాత కావ్యం పేరు. అందులో యుద్ధం అయిపోయాక ఒక రాజు ఇల్లు చేరటానికి పదేళ్ళు తిరుగుతాడు. సంక్రాంతి సెలవులకి రోజులు లెక్కపెట్టుకునే మనకి ఆ రాజు బాధ బాగా తెలుసు.

ఇక అటారి. 1972లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు కంపెనీ పెట్టారు. ముందు సిజిజీ అనే పేరు అనుకున్నారు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి రావటాన్ని అలా అంటారట. ఆ పేరు అప్పటికే వేరేవాళ్ళు రిజిస్టరు చేసుకున్నారు. అప్పుడు గో అనే ఆటలోంచి జపాను మాట తీసుకున్నారు. గో ఆటలో ఎదుటివాడి రాళ్ళు చుట్టుముట్టి, మన రాయికి ఒక్క ఖాళీ మాత్రమే మిగిలితే దాన్ని అటారి అంటారు. మన పులి-మేకలో పులి చుట్టూ మేకలొచ్చి ఒక్క దారే మిగిలినట్టు అన్నమాట. అంటే అటారికి అత్తారింటికి సంబంధం లేదు, కానీ చిక్కుకుపోవటం మాత్రం ఉంది!

ఆ కంపెనీ 1977లో ఇంట్లో ఆడే యంత్రం తెచ్చింది. తయారు చేసినవాళ్ళు లోపల లోపల దాన్ని స్టెల్లా అని పిలుచుకునేవారు. అది వాళ్ళలో ఒక ఇంజనీరు సైకిలు పేరు. బయట మాత్రం వీడియో కంప్యూటర్ సిస్టమ్ అని అమ్మారు. 1982లో దాన్నే అటారి 2600 చేశారు. 2600 అంటే కంపెనీ సరుకు నంబరు. పేరు పోయి నంబరు మిగిలింది. మన కంచానికీ ట్రంకుపెట్టెకీ ఉన్నట్టు.

కొలెకోవిజన్ అని ఇంకోటి 1982లో వచ్చింది. కొలెకో అంటే కనెక్టికట్ లెదర్ కంపెనీ. 1932లో మొదలైన తోలు వ్యాపారం. ఆటబొమ్మలు అమ్మినా పాత ఇంటిపేరు వదల్లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది జపాను కథ. నింటెండో కంపెనీ ఇంజనీరు మసయుకి ఉయెమురా 1983లో వచ్చిన యంత్రం తయారు చేశారు. ఆయన దాన్ని గేమ్‌కామ్ అనుకున్నారట. వాళ్ళావిడ, "ఇది ఇంటిల్లిపాదీ ఆడేది కదా, ఫ్యామిలీ కంప్యూటర్ అనండి, పొట్టిగా ఫామికామ్ అవుతుంది" అన్నారని ఆయనే చెప్పుకున్నారు. ఫామికామ్ అనే మాట వేరే కంపెనీ రిజిస్టరు చేసుకుంది కాబట్టి పెట్టె మీద పూర్తి పేరే రాశారు. కానీ జపాను పిల్లలందరూ ఫామికామ్ అనే పిలిచారు. రిజిస్టరులో ఒకటి, నోట్లో ఒకటి.

అదే యంత్రం 1985లో అమెరికా వెళ్ళేసరికి నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అయిపోయింది. 1983లో అక్కడ ఈ ఆటల వ్యాపారం కూలిపోయింది. వీడియో గేమ్ అంటేనే దుకాణాలవాళ్ళు భయపడేవారు. అందుకని రూపం, పేరు రెండూ మార్చారు. లోపల సరుకు దాదాపు అదే.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. వస్తువుకి పేరు మారిస్తే తప్పు లేదు. దానికి అమ్మ లేదు, నోరు లేదు. అయినా ఒక్కొక్క పేరు కోసం వాళ్ళు ఎంత ఆలోచించారో చూడండి. మరి మనకో?

నేను బుధవారం పుట్టాను. మా వైపు పుట్టిన వారాన్ని బట్టి సోమారి, మంగ్లి, బుద్రి, గురుబారి, సుక్రి అని పెడతారు. మూడో తరగతిలో చేరిన రోజు మా అమ్మ "బుద్రి" అని చెప్పింది. రాసేవారు "ఇదేం పేరమ్మా, రేపు పట్నంలో నవ్వుతారు" అని సుజాత అని రాశారు. ఒక్క నిమిషం పట్టలేదు. మా అమ్మకి చదువు రాదు. వేలిముద్ర వేసింది.

ఆ ఏడాదే మా అమ్మ చోడిరొట్టె, పనసతొనలు పట్టుకొని కొండ దిగి నన్ను చూడటానికి వచ్చింది. గేటు కాడ బుద్రి కావాలంది. "బుద్రి అనే పిల్ల ఈ బడిలో లేదు" అన్నారు. పొద్దు వాలేదాకా కూర్చొని వెళ్ళిపోయింది. నేను లోపలే ఉన్నాను, ఎక్కాలు చదువుతున్నాను. సెలవులకి వెళ్తే, "నేను కన్న పిల్ల లేకుండా ఎలా పోతాదే?" అని ఏడ్చింది.

నిజం చెప్పాలంటే సుజాత అని పిలిస్తే నాకు మొదట్లో గొప్పగానే ఉండేది. కిందటేడు గురుబారి అనే చిన్నపిల్ల చేరితే నేనే నవ్వినాను. అది నా తప్పు. ఆ చెల్లిని ఇక్కడ క్షమించమని అడుగుతున్నాను.

పేరు మార్చినవారు మన మంచి కోసమే మార్చారని నాకు తెలుసు. నవ్వుతారని వారి భయం. కానీ నవ్వేవాళ్ళకి బుద్ధి చెప్పాలి గానీ పేరున్నవాళ్ళ పేరు తీసేస్తే ఎలా? అటారి అంటే మనమూ నవ్వినాము. అర్థం తెలిశాక మానేశాము. మన పేర్లకీ అర్థాలు ఉన్నాయి. అడిగితే చెప్తాము.

వార్డెన్ గారికి నా మనవి. సర్టిఫికెట్లలో పేరు మార్చటం కష్టమని మాస్టారు చెప్పారు. అది ఇప్పుడు అడగటం లేదు. మూడు చిన్న పనులు అడుగుతున్నాను. రాత్రి హాజరు పిలిచేటప్పుడు ఇష్టమైనవాళ్ళని ఇంటిపిలుపుతో పిలవండి. గేటు కాడ పుస్తకంలో రెండు పేర్లూ రాసి పెట్టండి, ఏ అమ్మా వెనక్కి పోకూడదు. వచ్చే జూన్‌లో చేరే చిన్నపిల్లలకి వాళ్ళమ్మ చెప్పిన పేరే రాయండి.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
బుద్రి (రిజిస్టరులో సుజాత)
9వ తరగతి