ముందు కట్టాల్సింది ఎవరు?

కొత్త కరెంటు మీటర్లు వస్తున్నాయి. షాపులకు, ప్రభుత్వ ఆఫీసులకు పెట్టడం మొదలైంది, తర్వాత ఇళ్ల వంతు అంటున్నారు. సెల్‌ఫోన్‌కు వేయించుకున్నట్టే ముందు డబ్బు వేయించుకోవాలి, అది అయిపోతే కరెంటు ఆగిపోతుంది. వీటిని తెచ్చేవాళ్లు మనకు చెబుతున్న మాట ఒక్కటే: ఇక బకాయి ఉండదు, అప్పు ఉండదు, మీ ఖర్చు మీ చేతిలో ఉంటుంది. అప్పుల్లో మునిగి ఉన్న రైతు చెవికి ఈ మాట తీపిగానే వినిపిస్తుంది. అందుకే దీని సంగతి మాట్లాడుకోవాలి.

పంపుసెట్ల మీటర్ల గొడవ వేరు, ఇది వేరు. 2021 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ వ్యవసాయ కనెక్షన్లను పక్కనపెట్టి, మిగతా అందరికీ ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలంది. "మన మోటార్ల జోలికి రాలేదు కదా, మనకెందుకు?" అని సంఘ సభ్యులే కొందరు అడుగుతున్నారు. రైతు కాపురం ఉండేది మోటారు షెడ్డులో కాదు. ఇంట్లో లైటు ఆరిపోతే ఆరిపోయేది రైతు ఇల్లే.

నెల జీతం వచ్చే ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. పత్తి డబ్బు సంక్రాంతికి అటూ ఇటూ వస్తుంది. వడ్లు కాటా అయ్యాక డబ్బు ఖాతాలో పడేదాకా ఎదురుచూడాలి. జూన్, జూలై నెలల్లో విత్తనాలు, ఎరువులు, దుక్కి, పిల్లల ఫీజులు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. అప్పుడు చేతికొచ్చేది పాల డబ్బు, ఉపాధి పని కూలి. ఆ కూలి ఎప్పుడు పడుతుందో పని చేసినవాళ్లకే తెలియదు. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటప్పుడు ఒక నెల కరెంటు బిల్లు ఆపి, వచ్చే నెల ఫైనుతో కలిపి కట్టడం దొంగతనం కాదు. కిరాణా కొట్టు, పురుగుమందుల షాపు కూడా మనతో అలాగే నడుస్తున్నాయి.

ఆ వెసులుబాటు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టకపోతే కనెక్షన్ తీయడానికి కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ 15 రోజుల్లో గేదె పాల డబ్బు వస్తుంది, లేదా బావమరిది దగ్గర చేబదులు దొరుకుతుంది. బిల్లు తప్పుంటే గొడవ పెట్టుకోవడానికీ వ్యవధి ఉంటుంది. ఫ్యూజు పీకడానికి వచ్చిన లైన్‌మ్యాన్ మన ఊరివాడో పక్క ఊరివాడో. "రెండు రోజులు ఆగయ్యా" అంటే ఆగిన సందర్భాలు మనందరికీ తెలుసు. ప్రీపెయిడ్ మీటరుకు ఎవరితో చెప్పుకుంటాం? ఫోనుకు మెసేజి వచ్చింది కదా, అదే నోటీసు అంటారు. ఆ ఫోను పెద్ద కొడుకుతోపాటు హైదరాబాదులో ఉంటుంది, ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు.

బకాయి ఉండదన్న మాటా సగమే నిజం. డిస్కం లెక్కలో ఉండదు, అంతే. రీచార్జికి డబ్బు లేని ఇల్లు ఏం చేస్తుంది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది, లేదా చీకట్లో కూర్చుంటుంది. డిస్కం పుస్తకంలోంచి బాకీ వడ్డీ వ్యాపారి పుస్తకంలోకి మారింది, దాన్నే అప్పు తీరడం అంటున్నారు!

ఈ మీటర్లతో బాకీలు వసూలు చేయడంలో బ్రిటన్‌కు మనకంటే చాలా ఎక్కువ అనుభవం ఉంది. అక్కడ బిల్లు బాకీపడ్డ ఇంటికి ప్రీపేమెంట్ మీటరు పెట్టి, పాత బాకీని వారం వారం అందులోంచే కోసుకుంటారు. రీచార్జి చేసిన డబ్బులో కొంత పాత బాకీకి పోతుంది, మిగిలిందే పొయ్యికి, లైటుకు. మీటరులో డబ్బు అయిపోయి చీకట్లో ఉన్న రోజులకు కూడా స్థిర చార్జీ పెరుగుతూనే ఉంటుంది. 2022లో వేయించుకునే స్తోమత లేక 32 లక్షల మందికి మీటరులో డబ్బు అయిపోయిందని అక్కడి సిటిజన్స్ అడ్వైస్ సంస్థ లెక్క వేసింది. కంపెనీ ఎవరి కనెక్షనూ తీయలేదు, వాళ్లంతట వాళ్లే ఆపుకున్నారని రాసుకుంటారు. కంపెనీ మనుషులు తాళాలు తీసి ఇళ్లలో జొరబడి మీటర్లు బిగిస్తున్న సంగతి పత్రికలో వచ్చాక, 2023 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ బలవంతపు బిగింపులు ఆపించింది. తర్వాత కొత్త నిబంధనలతో మళ్లీ ఒప్పుకున్నా, రెండేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు, వేరే ఆసరా లేని 75 ఏళ్లు దాటిన ముసలివాళ్ల ఇళ్లకు బలవంతంగా పెట్టకూడదంది. ధనిక దేశంలో ఇదీ కథ.

మీటరు ఉచితం అంటున్నారు. కేంద్ర పథకం కింద మన లాంటి రాష్ట్రాలకు వచ్చేది మీటరు ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించకుండా. మిగతాది కాంట్రాక్టరుకు డిస్కం నెలనెలా, ఏళ్ల తరబడి కట్టాలి. నష్టాలు తగ్గి ఆ డబ్బు మిగులుతుందని వాళ్ల లెక్క. మిగలకపోతే ఎవరి మీద పడుతుందో ట్రూఅప్ చార్జీలు కట్టిన మనకు ఒకరు చెప్పాలా? 2000లో చార్జీల పెంపు కంటికి కనిపించింది కాబట్టి జనం రోడ్డెక్కారు, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. రేపు రోజుకు నాలుగు రూపాయలు రీచార్జిలోంచి ఎక్కువ పోతే ఏ కాగితం పట్టుకుని నిలదీస్తాం?

ఇక అసలు సంగతి. జనం అరువు మీద కరెంటు వాడుకుంటున్నారు, అందుకే డిస్కంలు దివాలా తీస్తున్నాయన్నట్టు మాట్లాడుతున్నారు. మన డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది. వాడకం పెరిగిందని ఏసీడీ పేరుతో మళ్లీ మళ్లీ వసూలు చేసి, దాదాపు రెండు నెలల బిల్లుకు సరిపడా డబ్బు దగ్గర పెట్టుకుంటున్నారు. అంటే మనం ఎప్పుడో ముందే కట్టాం. అదే విద్యుత్ చట్టంలో 65వ సెక్షన్ ఒకటుంది. సబ్సిడీ ప్రకటించిన రాష్ట్ర ప్రభుత్వం ఆ డబ్బును డిస్కంకు ముందస్తుగా చెల్లించాలని అందులో ఉంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సకాలంలో పూర్తిగా చెల్లిస్తోందా? ప్రభుత్వ ఆఫీసుల బిల్లులు ఏళ్ల తరబడి పేరుకుపోవడం లేదా? చట్టం ముందు కట్టమన్నది ప్రభుత్వాన్ని. మీటరు పెట్టేది మాత్రం పూరింటికి!

కొట్లాడితే ఆగింది. 2024లో మహారాష్ట్రలో సామాన్య వినియోగదారులకు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టబోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025లో నిరసనలు జరిగాక, ఒప్పుకోని ఇళ్లకు పెట్టబోమని మంత్రి ప్రకటించారు. మాట మంచిదే, కానీ అది కాగితం మీద ఉత్తర్వుగా కావాలి.

కాబట్టి మీటరు మార్చడానికి ఎవరైనా ఇంటికొస్తే గుర్తింపు కార్డు, ఆర్డరు కాపీ అడగండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పకండి. ఇష్టం లేదని సర్వీసు నంబరుతో ఏఈకి అర్జీ రాసి, తీసుకున్నట్టు రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మగవాళ్లు పొలంలో ఉన్న వేళ చూసి వస్తారు, ఈ సంగతి ముందుగా ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. అర్జీ నమూనా గ్రామ శాఖ కార్యదర్శుల దగ్గర ఉంటుంది. ఒక్కొక్కరం కాకుండా, వీధి వీధి కలిసి సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఇద్దాం.